పడవలు ఒడ్డెక్కే వేళకు అక్కడుండాలి: కళింగపట్నం తీరంలోని మత్స్యకార పల్లెకు వెళ్లి రావడం ఎలా

కళింగపట్నం మనలో చాలామందికి వాతావరణ వార్తల్లో పరిచయమైన పేరు. ‘కళింగపట్నం, భీమునిపట్నం ఓడరేవుల్లో ఒకటో నంబరు ప్రమాద హెచ్చరిక’ అని చిన్నప్పటి నుంచి రేడియోలో వింటూనే ఉన్నాం. ఓడరేవు అని వినబట్టి అక్కడ ఓడలుంటాయనుకుంటాం. వెళ్లి చూస్తే ఓడ ఒక్కటీ ఉండదు. బ్రిటిష్ వాళ్ల కాలం నాటి రేవు ఎప్పుడో మూతపడింది. ఇప్పుడున్నవి ఒక లైట్‌హౌస్, సముద్రంలో కలిసే వంశధార, ఇసుక మీద వరసగా నిలబెట్టిన ఫైబర్ పడవలు. పక్కనే బందరువానిపేట లాంటి మత్స్యకార పల్లెలు.

ఇది రిసార్టుల బీచ్ కాదు. గొడుగు కింద కుర్చీ, చేతికి కొబ్బరిబోండాం ఆశించి వచ్చేవాళ్లకు విశాఖపట్నం చాలు. వేట, వల, పాట (చేపల వేలం), ఎండుచేప ఎలా నడుస్తాయో దగ్గర నుంచి చూడాలనుకునేవాళ్ల కోసమే ఈ వివరాలు. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది, ఇటు బుడగట్లపాలెం నుంచి అటు బారువ దాకా ఇలాంటి పల్లెలు చాలానే ఉన్నాయి. నేను ఎక్కువసార్లు వెళ్లింది కళింగపట్నం వైపు కాబట్టి దాన్నే పట్టుకుని చెబుతాను. పద్ధతి మిగతా ఊళ్లకూ అంతే.

1. ముందు నెల తేల్చుకోండి

నేను మొదటిసారి వెళ్లింది మే నెలలో. పిల్లలకు సెలవులు, మాకు ఖాళీ, అంతకుమించి ఏమీ ఆలోచించలేదు. తెల్లవారుజామున తీరానికి చేరేసరికి పడవలన్నీ ఒడ్డున బోర్లించి ఉన్నాయి. ఒక ముసలావిడ మమ్మల్ని చూసి నవ్వి, ‘ఏటి బాబూ, ఇప్పుడొచ్చారు? ఏట లేదు గదా’ అంది. ఏట అంటే వేట. అక్కడివాళ్లు చేపలు పట్టడానికి పోవడాన్ని వేటకెళ్లడం అంటారు.

తూర్పు తీరమంతా ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజుల పాటు, పెద్ద మరపడవలకూ, ఇంజన్ బిగించిన చిన్న పడవలకూ వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఈ ఏర్పాటు. మోటారు లేని తెప్పలకు మినహాయింపు ఉన్నా, ఇప్పుడు చాలా పడవలకు ఇంజన్లే కాబట్టి ఆ రెండు నెలలు తీరం దాదాపు నిద్రపోతుంది. వలలు బాగుచేసుకోవడం, పడవలకు మరమ్మతులు, పెళ్లిళ్లు అన్నీ అప్పుడే. ఊరి మనుషులతో తీరిగ్గా మాట్లాడాలంటే నిజానికి అదే మంచి కాలం. చేపల కోసమైతే మాత్రం వద్దు.

జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలు, సముద్రం గరుగ్గా ఉంటుంది. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ మూడూ అక్టోబరులోనే, రెండో వారంలోనే తీరం దాటాయి. తిత్లీ అయితే శ్రీకాకుళం జిల్లా మీదుగానే దాటి, ఉద్దానంలో కొబ్బరి, జీడితోటల్ని పడగొట్టేసింది. అందుకే నా ఓటు డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి చివరి వరకు. ఎండ తక్కువ, అలలు కాస్త నెమ్మదిగా ఉంటాయి, ఉదయం సన్నగా మంచు.

ఇంకో సంగతి. ఈ జిల్లా పల్లెల్లో మగవాళ్లు సగం మంది ఊళ్లో ఉండరు. ఇక్కడ సరైన జెట్టీలు, హార్బర్లు లేక ఆగస్టు ప్రాంతంలో గుజరాత్‌లోని వెరావల్‌కు పోయి, అక్కడి మరపడవల్లో కూలికి పనిచేసి, వేసవికి తిరిగొస్తారు. 2018 నవంబరులో అలా వెళ్లినవాళ్లలో కొందరు పొరపాటున సరిహద్దు దాటి పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరి దాకా అక్కడి జైల్లో ఉన్నారు. డిసెంబరులో వెళ్లినప్పుడు ఊరు ‘ప్రశాంతంగా ఉంది’ అనిపిస్తే ఆ ప్రశాంతతలో కొంత భాగం ఇదే. ‘మీ ఆయన ఏరి?’ అని ఎవర్నీ సరదాగా అడగకండి.

2. రెండు రోజుల ముందు వాతావరణం చూసుకోండి

హైదరాబాద్‌లో, సముద్రానికి వందల కిలోమీటర్ల దూరాన, ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. అలల ఎత్తు, గాలి, చేపలు దొరికే చోట్ల గురించి రోజూ సూచనలిచ్చేది అదే. ఎత్తైన అలల హెచ్చరిక ఉంటే ప్రయాణం వాయిదా వేసుకోండి. మీరు మునగకపోయినా, ఆ రోజు పడవలు కదలవు. మీరు చూడటానికి ఏమీ ఉండదు.

ఓడరేవు నంబర్ల గురించి ఒక్క మాట. ఒకటో నంబరు అంటే వాయుగుండం ఎక్కడో దూరంగా ఉందని. మూడు అంటే ఈదురుగాలులు ఇటే రావచ్చని. నంబరు పెరిగేకొద్దీ ముప్పు ఎక్కువ. నాకైతే ఒకటి కనిపించినా చాలు, టికెట్ క్యాన్సిల్.

3. చేరుకోవడం, ఉండటం

రైల్లో వచ్చేవాళ్లు ‘శ్రీకాకుళం రోడ్’ స్టేషన్‌లో దిగాలి. అది శ్రీకాకుళంలో ఉండదు, ఆమదాలవలసలో ఉంటుంది. అక్కడి నుంచి శ్రీకాకుళం పట్నానికి పన్నెండు, పదమూడు కిలోమీటర్లు. బస్సులూ ఆటోలూ దొరుకుతాయి. అర్ధరాత్రి దిగే రైలు బుక్ చేసుకుని, స్టేషన్ బయటకొచ్చి ‘శ్రీకాకుళం ఏది?’ అని అడిగినవాళ్లలో నేనూ ఒకణ్ని.

శ్రీకాకుళం నుంచి కళింగపట్నం సుమారు 30 కిలోమీటర్లు. పగలు ఆర్టీసీ బస్సులో వెళ్లొచ్చు. కానీ మీకు కావలసింది తెల్లవారుజాము. అందుకే నా సలహా: శ్రీకాకుళంలో రాత్రి బస చేసి, ముందురోజే ఒక ఆటో అతనితో మాట్లాడుకుని, ఉదయం నాలుగున్నరకు రమ్మనండి. రానూపోనూ, మధ్యలో ఆగే గంటలతో సహా రేటు ముందే తేల్చుకోండి. నంబరు ఒక్కటి కాదు, ఇద్దరివి తీసుకోండి. ఒకసారి నాకు మాటిచ్చినతను ఫోనెత్తలేదు. ఆరింటికి రోడ్డు మీద నిలబడి సూర్యోదయం చూశాను, బస్టాండు ఎదురుగా.

ఊళ్లో ఎవరింట్లోనైనా ఉండొచ్చా అని చాలామంది అడుగుతారు. తెలిసినవాళ్లుంటే సరే. లేకపోతే ఆ ఇళ్లు ఒకటి రెండు గదులవి, ఆడవాళ్లు మూడింటికే లేచి పనిలో పడతారు. మీ కోసం ఒక గది ఖాళీ చేయించడం వాళ్లకు పెద్ద ఇబ్బంది, కాదనలేరు కూడా.

4. సంచిలో ఏం పెట్టుకోవాలి

టోపీ, మంచినీళ్లు, చిల్లర నోట్లు. ఫోన్‌పే చాలాచోట్ల నడుస్తుంది గానీ ఒడ్డున సిగ్నల్ ఉన్నట్టే ఉండి పోతుంది. చేపలు తెచ్చుకోవాలనుకుంటే మూత గట్టిగా పడే థర్మాకోల్ పెట్టె. అడుగు మందంగా ఉన్న రబ్బరు చెప్పులు తప్పనిసరి, ఎందుకో కింద చెబుతాను. టాయిలెట్ సంగతి ముందే బస దగ్గరే చూసుకుని బయల్దేరండి. ఆడవాళ్లతో, పిల్లలతో వెళ్లేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. తెల్లవారుజామున కొన్ని పల్లెల్లో తీరం వైపే బహిర్భూమికి వెళ్లేవాళ్లు ఇప్పటికీ ఉంటారు. కాబట్టి కనబడిన ప్రతి సందులోంచీ కెమెరా పట్టుకుని ఇసుకలోకి దిగకండి. పడవలున్న చోటికి నేరుగా నడవండి.

5. ఒడ్డున మొదటి గంట

జనవరిలో ఆరున్నర ప్రాంతంలో సూర్యుడొస్తాడు. అయిదున్నరకల్లా మీరు ఇసుక మీద ఉండాలి. రాత్రి వెళ్లిన పడవలు చీకటి విడే వేళ నుంచి ఒకటొకటే తిరిగొస్తాయి. పడవ అలలు దాటి ఒడ్డు చేరడం చూడటానికి రెండు నిమిషాల పని. కానీ ఆ రెండు నిమిషాలే కష్టం. జెట్టీ లేదు కాబట్టి అల వెనక అలను లెక్కపెట్టి, సరైన అల వీపు మీద ఎక్కి, ఇంజన్ పైకెత్తేసి ఒక్క ఊపున ఇసుకలోకి రావాలి. కొంచెం అడ్డం తిరిగితే పడవ బోల్తా. ఆ సమయంలో ఎదురుగా నిలబడి ఫోటోలు తీసేవాళ్లను చూస్తే పడవవాళ్లకు టెన్షన్. పక్కకు, కనీసం ఇరవై అడుగుల దూరంలో ఉండండి. పడవను పైకి లాగేటప్పుడు ‘ఒక చెయ్యి వెయ్యండి బాబూ’ అని ఎవరైనా పిలిస్తే వెయ్యండి. పిలవకపోతే మాత్రం వెళ్లి తగులుకోకండి. పడవ కింద కాలు పడితే ఏమవుతుందో వాళ్లకు తెలుసు, మనకు తెలీదు.

అదృష్టం బాగుంటే అలివి వల లాగడం కనబడుతుంది. ఒక కొస ఒడ్డున ఉంచి, పడవలో వలను అర్ధచంద్రాకారంగా సముద్రంలో వదులుతూ వెళ్లి, రెండో కొసను కొంత దూరంలో ఒడ్డుకు తెస్తారు. ఇటు పది పదిహేను మంది, అటు పది పదిహేను మంది తాడు నడుముకు ఆనించుకుని వెనక్కి నడుస్తూ లాగుతారు. చివరనున్నవాడు తాడును చుట్టగా చుడుతూ పోతాడు. వెనక దాకా వచ్చినవాడు తాడు వదిలి, నీళ్ల దగ్గరకు పోయి మళ్లీ ముందు నుంచి పట్టుకుంటాడు. గంట పైనే ఇలా సాగుతుంది. వల దగ్గరపడేకొద్దీ రెండు జట్లూ ఒకదానికొకటి చేరువవుతాయి, అరుపులు పెరుగుతాయి. చివరికి సంచీ లాంటి భాగం ఒడ్డు మీదికి వస్తుంది. ఒక రోజు అందులో గంపలకొద్దీ కవ్వళ్లు. ఇంకో రోజు నాలుగు గుప్పెళ్ల నెత్తళ్లు, నీళ్లముద్దల్లాంటి జెల్లీ చేపలు, అంతే. ఆ రోజు ఎవరూ ఏమీ అనలేదు. తాడు మీది ఇసుక దులిపి మళ్లీ పడవలోకి ఎక్కించారు.

రబ్బరు చెప్పులు ఎందుకన్నానంటే, పనికిరానివి అని ఇసుకలో పారేసిన చిన్న జెల్లలకు, టేకు చేపలకు ముళ్లుంటాయి. చచ్చిన చేప ముల్లయినా గుచ్చుకుంటే భగ్గుమంటుంది. అలా జరిగితే ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో కాలు పెట్టి ఉంచడం మంచి ఉపశమనం, తర్వాత డాక్టరు దగ్గరకు.

6. పాట వినడం, చేప కొనడం

పడవ ఒడ్డెక్కిన పది నిమిషాల్లో అసలు మార్కెట్ మొదలవుతుంది. ఇక్కడ పెత్తనం ఆడవాళ్లది. ఇసుక మీద చేపలు కుప్ప పోస్తారు, చుట్టూ గుండ్రంగా చేరతారు, ఒకరు పాట మొదలుపెడతారు. ‘ఎనిమిదొందలు... ఎనిమిదొందలు... ఎనిమిదొందలేబై...’ పాడుతున్న మనిషి ముఖం కాదు, చుట్టూ ఉన్నవాళ్ల ముఖాలు చూడండి. ఒకావిడ వెయ్యి దాకా వచ్చేసరికి తల పక్కకు తిప్పేసుకుని చీర కొంగుతో చెయ్యి తుడుచుకుంది. ‘ఇక నాకొద్దు’ అని ఆవిడ భాష అన్నమాట. ఇంకొకావిడ కుప్పలోంచి ఒక చేప తీసి, చెవి (మొప్ప) తెరిచి చూసి, ఏమీ తెలియనట్టు పడేసింది. పాట దక్కింది ఆవిడకే.

ఈ పాటలో మీరు దిగకండి. సరదాకు మీరు పెంచిన వంద రూపాయలు, తలమీద గంపతో ఊరూరా తిరిగి అమ్ముకునే మనిషి లాభంలోంచి పోతాయి. పాట అయ్యాక, కొన్నావిడ దగ్గరికే వెళ్లి ‘అక్కా, మాకు ఒక కేజీ ఇస్తావా?’ అని అడగండి. పెద్దావిడైతే ‘అమ్మా’ అనండి. ఇటువైపు అక్కను అప్ప అనే ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ పిలుపు మీ నోటి వెంట వస్తే వాళ్లకు నవ్వూ వస్తుంది, చేపా ఒకటి ఎక్కువ పడుతుంది. బేరం ఒక్కసారి ఆడండి, రెండోసారి వద్దు.

చూసుకోవలసినవి: కన్ను ఉబ్బి తేటగా ఉండాలి, లోపలికి పోయి పాలిపోతే పాతది. చెవి కింద ఎర్రగా ఉండాలి. వేలితో నొక్కితే గుంట పడకూడదు. ఒడ్డున కొన్నదానికి ఇంత పరీక్ష ఎందుకంటే, పది గంటల తర్వాత రోడ్డు పక్కన అమ్మేదంతా ఆ రోజు పడవలోంచి దిగిందే కానక్కర్లేదు.

ఏ చేప కొనాలి? అందరూ వంజరం, చందువ అడుగుతారు. మంచి చేపలే, కానీ అవి హైదరాబాద్‌లోనూ దొరుకుతాయి. ఇక్కడ తినాల్సింది కవ్వళ్లు, నెత్తళ్లు, కానాగంతలు. ఒడ్డు దాటితే రుచి మారిపోయే చేపలివి. కవ్వళ్లలో ముళ్లు ఎక్కువ, నిజమే. అయినా నా మాట వినండి.

7. వండించుకోవడం

చిన్న హోటళ్లలో ‘చేప ఇస్తాం, వండి పెడతారా?’ అని ముందే అడిగితే కొందరు ఒప్పుకుంటారు. పులుసుకు చింతపండు పులుపు ముందే చెప్పుకోండి, ఈ జిల్లాలో కాస్త ఎక్కువే పిండుతారు. ఎవరైనా ఇంట్లో వండిపెడతామంటే డబ్బు విషయం మొహమాటపడకుండా వంటకు ముందే మాట్లాడండి. తిన్నాక చేతిలో పెడితే వాళ్లు తీసుకోరు, ఆ కట్టెలు, నూనె ఖర్చు వాళ్ల మీదే పడుతుంది.

8. నీళ్లలోకి దిగే ముందు

ఈ మార్గదర్శిలో ఒక్క భాగమే చదువుతామంటే ఇదే చదవండి.

ఆంధ్ర తీరంలో ఒడ్డు చాలాచోట్ల త్వరగా లోతవుతుంది. అలలు విరగకుండా నీళ్లు మెత్తగా, నున్నగా కనిపించే సందు ఉంటుంది చూడండి, చాలామంది ‘ఇక్కడ బాగుంది’ అని అక్కడే దిగుతారు. విరిగిన అలల నీళ్లు సముద్రంలోకి తిరిగి పోయే కాలువ తరచూ అదే. ఈత వచ్చినవాణ్ని కూడా లోపలికి లాక్కుపోతుంది. చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకండి, అలిసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా, పక్కకు ఈది ఆ కాలువలోంచి బయటపడి, అప్పుడు అలలతో పాటు ఒడ్డుకు రండి. ఈత రానివాళ్లు మోకాళ్లు దాటి వెళ్లనే వద్దు.

వంశధార సముద్రంలో కలిసే చోట అసలే వద్దు. నది నీళ్లూ, ఆటుపోట్లూ కలిసి అక్కడి ఇసుక మేట ఎప్పటికప్పుడు మారుతుంటుంది. నిన్న మోకాలి లోతున్న చోట ఈ రోజు మనిషి లోతు ఉండొచ్చు. ఒడ్డున వలలు బాగుచేసుకునే పెద్దాయన్ని ‘తాతా, ఎక్కడ దిగొచ్చు?’ అని అడగండి. ఆయన ‘దిగొద్దు’ అంటే కారణం అడక్కుండా ఒప్పుకోండి.

‘డబ్బులిస్తాం, పడవలో తీసుకెళ్లండి’ అని అడగడమూ మానండి. లైఫ్ జాకెట్ ఉండదు. అలలు దాటేటప్పుడు పడవ తిరగబడితే వాళ్లు ఈదుకుని వస్తారు, మీరు రారు. మీకేమైనా అయితే ఆ పడవ, ఆ కుటుంబం పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగాలి.

9. వాళ్ల చోట మన నడక

ఆ ఇసుక వాళ్లకు ఆఫీసూ గోడౌనూ కూడా. పరిచిన వల మీద కాలు వెయ్యకండి, చెప్పు కింద తెగిన ఒక్కో కన్ను కుట్టడానికి టైం పడుతుంది. ఆరబెట్టిన ఎండుచేపల మధ్య నుంచి దాటకండి. పడవ ఎక్కి సెల్ఫీలు దిగకండి. పడవ ముందు భాగంలో పసుపు, కుంకుమ, పూలు కనిపిస్తాయి. వాళ్లకు అది గంగమ్మ. ఫోటో తీసే ముందు ముఖం చూసి అడగండి, ముఖ్యంగా పనిలో ఉన్న ఆడవాళ్లను. ‘వద్దు’ అన్నాక జూమ్ చేసి తియ్యడం అంటే అడగకపోవడం కంటే అన్యాయం. పిల్లలకు చాక్లెట్లు, పది రూపాయల నోట్లు పంచకండి. తర్వాత వచ్చే ప్రతివాణ్నీ వాళ్లు చెయ్యి చాచి అడుగుతారు, అమ్మానాన్నలకు తలవంపులు.

ఒకసారి వెళ్లేసరికి పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి, ఆకాశం తేటగానే ఉంది. ఊళ్లో ఎవరో పోయారట, ఆ రోజు ఎవరూ వేటకెళ్లలేదు. అలాంటి రోజు ఇసుక మీద తిరగకుండా వెనక్కి వచ్చేయండి. అమ్మవారి పండగ రోజైతే సంగతి వేరు, ఉండమంటారు, ఉండొచ్చు.

జనవరి నుంచి మార్చి దాకా రాత్రుళ్లు ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటికి అత్యున్నత రక్షణ ఇచ్చింది. కనిపిస్తే టార్చి ఆర్పి, దూరంగా నిలబడండి. గుడ్లు తాకకండి. వెలుతురు చూసి తాబేలు పిల్లలు సముద్రం అనుకుని దారి తప్పుతాయి.

10. మిగిలిన పగలు

తొమ్మిదింటికి ఒడ్డు ఖాళీ అయిపోతుంది. అప్పుడు శాలిహుండం వెళ్లండి. వంశధార ఒడ్డున కొండ మీద బౌద్ధ స్తూపాల శిథిలాలు, పై నుంచి నది వంపు చూడటానికి గంట చాలు. తిరుగు దారిలో శ్రీకూర్మం, విష్ణువు కూర్మావతారానికి గుడి. తెల్లవారుజామున తాబేలు జాడ చూసి, మధ్యాహ్నం ఈ గుడికి వస్తే భలేగా అనిపిస్తుంది. పట్నంలోకి వచ్చాక అరసవల్లి సూర్యదేవాలయం ఎలాగూ ఉంది. ఇంకో రోజు ఉంటే టెక్కలి దగ్గర తేలినీలాపురం కొంగలు, నౌపడ ఉప్పుమడులు.

11. చేపను ఇంటికి తేవడం

పచ్చి చేప తెచ్చుకోవాలంటే ఒడ్డునే పొట్ట, చెవులు తీయించి, కడిగించి, అడుగున ఐసు, మధ్యలో చేప, పైన ఐసు వెయ్యండి. ఒక కేజీ చేపకు ఒక కేజీ ఐసు లెక్క. ఐసు ఊళ్లో దొరుకుతుందో లేదో ముందురోజే కనుక్కోండి. రాత్రి ప్రయాణం దాకా ఫర్వాలేదు, అంతకు మించితే తేవద్దు.

ఎండుచేపలు సులువు. నెత్తళ్లయితే విరిస్తే టక్కున విరగాలి, వంగితే తడి ఉన్నట్టే. ఇసుక అంటుకున్నవి వద్దు, తడిక మీద ఆరేసినవి అడగండి. మొదట కాగితంలో చుట్టి, తర్వాత రెండు కవర్లలో వేసి, ఆ పైన స్టీలు డబ్బాలో పెట్టి మూత బిగించండి. నేను ఒకసారి ఒక్క కవరుతో సరిపెట్టాను. విజయనగరం దాటే లోపే పై బెర్తు ఆయన లేచి కూర్చున్నాడు. రాజమండ్రి వచ్చేసరికి, ‘ఎక్కడ కొన్నారండీ, కేజీ ఎంత?’ అని అడిగాడు.